ఇసుక మీద మొదటి కుర్చీ

మా ఊరికి వచ్చినవాళ్లు సముద్రం ఎటు అని అడగరు. అది ఎలాగూ వినిపిస్తూనే ఉంటుంది. ఎక్కడ తింటే బాగుంటుందని అడుగుతారు. అదీ నా కొట్టు ముందు నిలబడి, నా చేతిలో గరిటె చూస్తూ కూడా నన్నే అడుగుతారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయి ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను.

తీరం రోడ్డు మొదట్లో అద్దాల హోటల్ ఉంది. అక్కడ గది చల్లగా ఉంటుంది, చేప అంతకంటే చల్లగా ఉంటుంది. దాని పక్కన అన్నదమ్ముల హోటల్. తమ్ముడు వేపుడు బ్రహ్మాండంగా చేస్తాడు, అన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. "ఇంకో ప్లేటు కావాలట, మీ వాడికి చెప్పండి" అని అన్న మనతో అంటాడు. తినడానికి వెళ్లినవాళ్లు రాయబారం చేసి రావాలి. మూడోది నాది. నా దగ్గర అన్నం వేడిగా ఉంటుంది, నోరు ఇంకా వేడిగా ఉంటుందని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లూ అదే అంటారు. రోడ్డు అక్కడితో అయిపోతుంది. ఇసుకలోకి దిగి కాస్త నడిస్తే రేకుల కప్పు కొట్టు ఒకటి ఉంటుంది. ఊళ్లో తినాల్సింది అక్కడ. నా బేరం పోయినా ఆ మాటే చెప్పేదాన్ని.

అది కుర్చీల మామయ్య కొట్టు. మా తమ్ముడు ఆయన కూతుర్ని చేసుకున్నాడు కాబట్టి మామయ్యా అని పిలిచే హక్కు నాకుంది. ఊరంతా ఏ హక్కూ లేకుండానే అలా పిలిచేది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలు, అల వచ్చి పాదాలు తడిపి వెళ్లేంత దగ్గరగా వేసేవాడు. తినేవాళ్లు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని మరీ వెళ్లేవాళ్లు. పిల్లలు సగం తిని సగం సముద్రానికి పెట్టేవాళ్లు.

ఆ కుర్చీలు ఇప్పుడు లేవు. కాలి ముద్దయిపోయాయి. ఎందుకు కాలాయో ఊళ్లో ఒక కథ చెబుతారు. ఆ కథ విన్న ప్రతిసారీ నా చేతిలో ఉన్నది ఎవరి నెత్తినో వేయాలనిపిస్తుంది. అందుకే నేను చూసింది నేను చెబుతున్నాను.

మామయ్యకి ఒక పద్ధతి ఉండేది. తెల్లవారగానే తలుపు తీసి, ఒకే ఒక్క కుర్చీ పట్టుకుని నీళ్ల దాకా నడిచి, అక్కడ వేసి, దాని మీద కాసేపు కూర్చుని లేచి వచ్చేవాడు. ఆ మొదటి కుర్చీ పడ్డాకే మిగతావి పడేవి. ఆయనవే కాదు. అన్నదమ్ములూ, నేనూ, అంత గొప్ప అద్దాల హోటల్ వాళ్లూ కూడా ఆ కుర్చీ పడిందో లేదో చూసుకునే ఇసుక మీద బల్లలు వేసేవాళ్లం. పడవల వాళ్లయితే పడవలను నీళ్ల అంచు దాకా లాగి పెట్టుకుని, నడుం మీద చేతులు వేసుకుని ఆ గుమ్మం వైపు చూస్తూ నిలబడేవాళ్లు. కుర్చీ పడితే పడవ దించేవాళ్లు. పడకపోతే మళ్లీ పైకి లాగేసి నా దగ్గరికి టీ తాగడానికి వచ్చేవాళ్లు.

ఇదంతా ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట ఒక పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు, మామయ్య మాత్రం కుర్చీ వేయలేదు. ఇవాళ మామయ్యకి నిద్ర చాలలేదని అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి గాలి లేకుండానే అలలు లేచాయి. ఎక్కడో మనకి కనపడని దూరాన గాలి రేగితే దాని తాలూకు అలలు ఇక్కడికి అలా వస్తాయట. అన్నదమ్ముల బల్లలన్నీ కొట్టుకుపోయాయి. నవ్వుతూ వెళ్లిన పడవల్లో ఒకటి ఒడ్డుకి వస్తూ వస్తూ రెండు ముక్కలైంది. ఆ రోజు నుంచి ఎవరూ నవ్వలేదు. ఫోన్లలో హెచ్చరికలు రావా అని పట్నం వాళ్లు అడుగుతారు. వస్తాయి. రోజు విడిచి రోజు వస్తాయి. రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు? వాటిని ఎవరూ చదవరు. కుర్చీ వైపే చూస్తారు.

కానీ సొమ్మొకరిది, సోకొకరిది. నేను వంట నేర్చుకున్నది ఆ కొట్టు వంటింట్లోనే కాబట్టి నాకు తెలుసు. సముద్రం సంగతి తెలిసింది మామయ్యకి కాదు, మా అత్తయ్యకి. ఆవిడ చీకటి విడుతుండగా రాత్రి గిన్నెలు బుట్టలో వేసుకుని నీళ్ల అంచుకి పోయి ఇసుకతో తోమేది. తోమడం అయిపోయాక కూడా చీలమండల లోతులో నిలబడి ఉండేది. మడమల కింద ఇసుకని నీళ్లు ఎలా లాగుతున్నాయో పాదాలతో చూసుకునేది. బుట్ట తెచ్చి గుమ్మంలో దించి "ఊఁ" అంటే మామయ్య కుర్చీ తీసేవాడు. నీళ్లలోంచి పాదాలు చటుక్కున ఎత్తేసి, సగం తోమిన గిన్నెలతో వచ్చేస్తే ఆ రోజు కుర్చీ లేదు. పేరు మాత్రం మామయ్యకి వచ్చింది. "నీ పేరు చెప్పొచ్చు కదా అత్తయ్యా" అని నేను ఉడుక్కుంటే, "పేరేం చేసుకోను, కూరలో వేస్తానా?" అనేది.

ఆవిడకి ఇంకో మాట అలవాటు. మా మరదలు, అంటే ఆవిడ కూతురు, పడవకి బయల్దేరిన మొగుడిని గుమ్మంలోంచి "ఏమండీ, నీళ్ల సీసా" అని కేకేస్తే అత్తయ్య కసిరేది. "వెళ్లాక వెనక్కి పిలవకూడదే. వెళ్లకముందు ఎంతైనా ఆపు. వెళ్లాక పిలవకు." ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటే కదా అని మేమెవరం పట్టించుకోలేదు.

కిందటేడు అత్తయ్యకి మతిమరుపు పట్టుకుంది. మొదట ఉప్పు రెండుసార్లు వేసింది. తర్వాత మూడుసార్లు. తర్వాత వంటింటికి దారి మర్చిపోయింది. చివరికి ఎవరిని చూసినా "పొయ్యి ఆపావా?" అని అడగడం తప్ప వేరే మాట లేకుండా అయింది. ఒకరోజు నన్నూ అదే అడిగింది. ఆపాను అత్తయ్యా అని చెప్పి, బయటికి వచ్చి ఏడ్చాను.

అయినా మామయ్య కుర్చీ రోజూ పడుతూనే ఉంది. ఇన్నేళ్లు పక్కన ఉండి ఆయనా నేర్చుకుని ఉంటాడని అనుకున్నాను. అలా అనుకోకపోతే నిద్ర పట్టదు కాబట్టి అనుకున్నాను.

ఒక పొద్దున ఉల్లిపాయలు నిండుకుని, అడిగి తెచ్చుకుందామని వెళ్లాను. మామయ్య గుమ్మంలో కుర్చీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చూపు సముద్రం మీద లేదు. పక్కకి, పడవల వైపు ఉంది.

"ఏం చూస్తున్నావు మామయ్యా?"

"లాగుతున్నారు" అన్నాడు. "అదిగో, నీళ్ల దాకా లాగేశారు. లాగారంటే బాగున్నట్టే."

కుర్చీ తీసుకుని నడిచాడు. వేశాడు. కూర్చున్నాడు. నాకు అప్పటికి ఏమీ తట్టలేదు. ఉల్లిపాయలు తీసుకుని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం మా తమ్ముడు నా కొట్టులో అన్నం తింటున్నాడు. పడవ దిగి ముందు నా దగ్గర తిని, ఇంటికి వెళ్లి మళ్లీ తినేవాడు. ఇద్దరు ఆడవాళ్లని నొప్పించడం దేనికని వాడి లెక్క. ఇవాళ ఆలస్యమైందేంరా అంటే, "మామయ్య కుర్చీ లేటుగా వేశాడక్కా. అది పడందే ఎలా దింపుతాం?" అన్నాడు.

వడ్డించే గరిటె నా చేతిలో అలాగే ఆగిపోయింది. పడవలను నీళ్ల దాకా లాగడం వాళ్లు రోజూ చేసే పనే. అది అలవాటు. వెళ్దామన్న నిర్ణయం కాదు. నిర్ణయం కోసం వాళ్లు ఆయన కుర్చీ వైపు చూస్తున్నారు. ఆయన కుర్చీ వేయాలా వద్దా అని వాళ్ల పడవల వైపు చూస్తున్నాడు. ఒకరి ధైర్యం ఒకరి దగ్గర ఉందనుకుంటున్నారు. మధ్యలో అంత సముద్రం ఉంది, దాని వైపు చూసేవాడు ఒక్కడూ లేడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అప్పుడే చెప్పాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకునే నవ్వాడు. "నీ కొట్టుకి జనం తగ్గారని మామయ్య మీద పడతావేంటక్కా? ఆయన కూర్చుని చూస్తాడుగా కాసేపు."

"ఏం చూస్తాడురా? వేళ్లకి నీళ్లు తగలడం చూస్తాడు. చూడ్డం వచ్చిన మనిషి ఆ గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది."

"అత్తయ్యా?" అన్నాడు. ఆవిడ గిన్నెలు తోముకోవడం తప్ప ఇంకేం చేసిందో వాడెప్పుడూ చూడలేదు. దున్నపోతు మీద వాన కురిసింది, అంతే. ఇంకాస్త కూర వేయించుకుని తిని వెళ్లాడు.

సాయంత్రం మామయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన పొయ్యి తుడుస్తున్నాడు. ఒక్కమాట కూడా దాచకుండా అడిగేశాను. ఆయన గుడ్డ పిండి, ఆరేసి, చేతులు తుడుచుకుని అన్నాడు.

"నాకేం తెలుసమ్మా? ఆవిడ ఊఁ అనేది, నేను వేసేవాణ్ణి. ఆవిడకి మతి తప్పాక ఓ రోజు నిలబడి చూశాను. నాకు నీళ్లే కనిపించాయి."

"ఆ మాటే వాళ్లకి చెప్పు."

"చెబితే ఎట్లా? ఇన్నాళ్లూ మోసం చేశాడంటారు."

"అననీ. బతికుండి అంటారు కదా!"

ఆయన మొహం పాలిపోయింది. నా మాటకి నేనే ఉలిక్కిపడ్డాను. "ఆదివారం అందరూ భోజనానికి వస్తారుగా" అన్నాడు. "అప్పుడు చెప్తాను. నువ్వు మాత్రం ఎవరితో అనకు, నీకు దండం పెడతాను." అల్లుడితో అప్పటికే అనేశానని చెప్పాను. "వాడేమన్నాడు?" అన్నాడు ఆత్రంగా. నవ్వాడని చెప్పాను. మామయ్య మొహంలోకి కొంచెం రంగు తిరిగి వచ్చింది. అది చూసి నాకు అసహ్యం వేసింది, జాలీ వేసింది.

ఆదివారం నేనూ వెళ్లాను, ఆయన జారిపోకుండా ఎదురుగా కూర్చున్నాను. పడవల వాళ్లంతా బల్లల చుట్టూ ఉన్నారు. మామయ్య చేపల కూర గిన్నె పట్టుకుని వచ్చి, దించకుండా నిలబడి, గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు గ్లాసు ఎత్తి, "ఎవరికి ఎవరున్నా లేకపోయినా మాకు మామయ్య ఉన్నాడు!" అన్నాడు. అందరూ హోరుమన్నారు. నాకు చెప్పడానికే, నా వైపు చూసి నవ్వుతూ అన్నాడు వెధవ. మామయ్య నోరు తెరిచాడు. మూశాడు. "కూర ఇంకొంచెం వేసుకోండి" అన్నాడు.

మామయ్య చెప్పనిది నేను చెబితే ఎవరు నమ్ముతారు? అప్పటి నుంచి నేను ఒక పని మాత్రం చేశాను. ఇసుక మీద నా బల్లలు వేయడం మానేశాను. మామయ్య కుర్చీ పడినా సరే. వచ్చినవాళ్లు లోపల ఉక్కగా ఉందని సణుగుతూ లేచిపోయేవాళ్లు. అన్నదమ్ముల్లో అన్న, ఎన్నడూ లేనిది, నా దగ్గరికి వచ్చి "ఏం, సముద్రంతో కూడా గొడవ పెట్టుకున్నావా?" అన్నాడు. తమ్ముడితో మాట్లాడనివాడు నాకు చెప్పొచ్చాడు. పొద్దున్నే వెళ్లి నీళ్లలో నేనూ నిలబడి చూశాను. మడమల కింద ఇసుక జారింది. అది మంచి జారడమో చెడ్డ జారడమో నాకు తెలియలేదు. పాదాలు చల్లబడ్డాయి, అంతే.

వాతావరణం బాగున్నన్నాళ్లూ అంతా బాగానే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రోజూ కుర్చీ పడేది, రోజూ పడవలు వెళ్లేవి, రోజూ వచ్చేవి. వచ్చిన ప్రతిరోజూ వాళ్ల నమ్మకం ఇంకాస్త గట్టిపడేది. చివరికి మామయ్య కూడా నమ్మడం మొదలుపెట్టాడని నాకు అనుమానం. నడకలో పాత ఠీవి వచ్చింది.

ఆ రోజు పొద్దున నా కొట్టు మెట్టు దగ్గర ఇసుక తడిగా ఉంది. అంత పైకి నీళ్లు ఎప్పుడు వచ్చాయో తెలియదు. అలలు పెద్దగా లేవు. కానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. అల విరిగాక చాలాసేపు ఏమీ వినిపించడం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేను వినలేదు. మామయ్య కొట్టు వైపు చూశాను. కుర్చీ పడి ఉంది. పడవలు వెళ్లిపోయాయి. అలలు విరిగే చోటు దాటి, దూరంగా చుక్కల్లా కనిపిస్తున్నాయి.

కాళ్లు అటే నడిచాయి. మామయ్య మిగతా కుర్చీలు కూడా వేసేశాడు. ఎవరో ఊరుగాని ఊరి వాళ్లు, మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలు, నీళ్ల అంచున కూర్చుని ఆమ్లెట్ల కోసం చూస్తున్నారు. మా మరదలు వాళ్లమ్మని ఎండ పొడకి తీసుకొచ్చి మొదటి కుర్చీలో కూర్చోబెట్టింది. రోజూ అలాగే చేస్తుంది. నీళ్లు వచ్చి అత్తయ్య పాదాల మీదుగా వెళ్లి, వెనక్కి పోయాయి. అత్తయ్య రెండు పాదాలూ చటుక్కున ఎత్తి కుర్చీ మీద పెట్టుకుంది. మోకాళ్లు రెండు చేతులతో చుట్టుకుంది.

"చలేస్తోందా అమ్మా?" అంది మరదలు, కొంగు కప్పుతూ.

మామయ్య అప్పుడే ప్లేట్లు పట్టుకుని వస్తున్నాడు. ఆ పాదాలు చూశాడు. ప్లేట్లు ఇసుకలో పడ్డాయి. "లేవండి!" అని అరిచాడు. "లేవండి, పైకి పొండి, పొండి!" ఆ అరుపుకి పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. నేను ఒకణ్ణి చంకన వేసుకుని, ఇంకోదాన్ని రెక్క పట్టుకుని రోడ్డు వైపు పరిగెత్తాను. మరదలు అత్తయ్యని ఎత్తుకున్నట్టే లాక్కొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే సముద్రం లోపలికి పోతోంది. ఇసుక బయటపడి మెరుస్తోంది. తర్వాత మొదటి పెద్ద అల వచ్చి బల్లలన్నీ తోసుకుంటూ కొట్టు గుమ్మానికి కొట్టింది.

మామయ్య మోకాళ్ల లోతు నీళ్లలో దొరికిన కుర్చీ దొరికినట్టు పైకి విసిరాడు. గట్టు మీద వాటిని కుప్ప వేశాడు. లోపలికి పోయి కిరసనాయిలు డబ్బా తెచ్చి గుమ్మరించాడు.

"ఏం చేస్తున్నావు మామయ్యా?"

"పిలుస్తున్నా! కుర్చీలు కాలడం చూస్తే వాళ్లకి తెలుస్తుంది, వచ్చేస్తారు!"

నా పక్కన మరదలి చేతుల్లో అత్తయ్య కదిలింది. ఏడాదిగా పొయ్యి తప్ప వేరే మాట లేని మనిషి, మంట వైపు చూస్తూ, "వెళ్లాక పిలవకు" అంది. మెల్లగానే అంది. "వెళ్లాక పిలవకూడదు." పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాం. ఈ సమయంలో కూడా శకునాలేనా అని మరదలు విసుక్కుంది. పొగ నల్లగా, లావుగా లేచింది. ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది.

పడవలు తిరిగాయి. అందరూ కేకలు వేశారు, నేనూ వేశాను, వచ్చేయండి వచ్చేయండి అని. అందరికంటే ముందు మా తమ్ముడి పడవ తిరిగింది. మిగతావాళ్లు కాస్త తటపటాయించారు. వాడికి తటపటాయింపు ఎందుకు? అది మామయ్య పొగ. నిటారుగా ఒడ్డు వైపే పట్టాడు. అలలు విరిగే చోటికి వచ్చేసరికి వెనక నుంచి నీళ్లు గోడలా లేచాయి. పడవ ముక్కు కిందికి పోయింది, వెనక భాగం పైకి లేచింది, వాడు నిలబడి ఉండటం కనిపించింది, ఆ తర్వాత పడవ అడుగు మాత్రమే కనిపించింది. వాడికి తోడు వెళ్లినతన్ని, చేయి విరిగినా ప్రాణాలతోనే ఒడ్డుకి లాగారు. మా తమ్ముణ్ణి సాయంత్రం లాగారు. మిగతా పడవలు దెబ్బలు తిని, పగిలి, ఎలాగో ఒడ్డున పడ్డాయి.

ఒక్క పడవ మాత్రం రాలేదు. అది మసక కళ్ల తాతది. ఒక్కడే వెళ్తాడు, అంత దూరం చూపు ఆనదు. పొగ కనిపించలేదు. ఆయన కూడా పోయాడనే అనుకున్నాం. పొద్దు వాలే వేళకి, అలలు తగ్గాక, ఇంజను చప్పుడు చేసుకుంటూ నింపాదిగా వచ్చాడు. బుట్ట నిండా చేపలున్నాయి. ఒడ్డున జనాన్నీ ఏడుపుల్నీ చూసి బిత్తరపోయాడు.

"లోపల ఏం లేదమ్మా" అన్నాడు నాతో. "ఊయల్లో కూర్చున్నట్టు ఊగాను, అంతే. గొడవంతా ఒడ్డు దగ్గరే కదా. తగ్గేదాకా అక్కడే ఉంటే సరిపోయేది. వీళ్లంతా ఎందుకొచ్చారు?"

వెళ్లకముందు ఆపు, వెళ్లాక పిలవకు. అది శకునం కాదు. పాదాలతో సముద్రాన్ని చదివిన మనిషి చెప్పిన మాట. మామయ్యకి ఆవిడ దగ్గర దొరికింది సగం. వద్దనడం ఒక్కటే దొరికింది. ఆ సగంతోనే నా తమ్ముణ్ణి చేయి పట్టుకుని అలల్లోకి పిలిచినట్టు పిలిచాడు.

ఊళ్లో వాళ్లు చెప్పే కథ వేరు. మామయ్య తన కుర్చీలు తగలబెట్టుకుని పడవల వాళ్లందర్నీ కాపాడాడని చెబుతారు. అల్లుడి ఒక్కడి విషయంలో దేవుడు చిన్నచూపు చూశాడంటారు. పొరుగూళ్ల నుంచి ఆయన్ని చూడటానికి వచ్చారు. అద్దాల హోటల్ వాళ్లు మాలాంటి వాళ్లని పలకరించను కూడా పలకరించరు, అలాంటివాళ్లే మామయ్య ఇంటికి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. పడవల వాళ్లంతా కలిసి కొత్త కుర్చీలు కొని, కొట్టు ముందు దొంతర పెట్టి వెళ్లారు. మళ్లీ నీలం రంగువే.

ఒకరోజు మరదలు నా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. నా ముందున్న చేపలు లాక్కుని పొలుసు గీకడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా అడిగింది.

"వదినా, నాన్న పిలవకపోయి ఉంటే?"

నాకు సమాధానం తెలుసు. చేతిలో పని ఆపకుండా, "కూర్చో, రెండు ముద్దలు తిని వెళ్దువు గాని" అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానింది మొదటిసారి అప్పుడే. దాన్ని ఉమ్మలేను, మింగలేను.

కర్మలన్నీ అయిపోయాక ఒక పొద్దున పడవల వాళ్లు మళ్లీ బయల్దేరారు. ఎన్నాళ్లని కూర్చుంటారు, ఇళ్లలో పొయ్యి వెలగాలి కదా. బాగు చేసిన పడవలను నీళ్ల అంచు దాకా లాగారు. నడుం మీద చేతులు వేసుకుని ఆ గుమ్మం వైపు తిరిగారు. నేను నా కొట్టు ముందు నిలబడి చూస్తున్నాను. అన్నదమ్ములిద్దరూ చెరో బల్ల పట్టుకుని ఆగి ఉన్నారు.

తలుపు తెరుచుకుంది. మామయ్య బయటికి వచ్చాడు. చేతిలో కుర్చీ లేదు. ఇసుకలో తూలుతూ పడవల దాకా నడిచి, మధ్యలో నిలబడ్డాడు.

"నన్ను చూడకండి" అన్నాడు. "నాకేం తెలియదు. ఎప్పుడూ తెలియదు. చెప్పింది అంతా ఆవిడ. నేను మిమ్మల్ని చూసి కుర్చీ వేసేవాణ్ణి. మిమ్మల్ని చూసేరా వేసింది! ఆ రోజు కూడా అంతే. పిలిచి నేనే చంపుకున్నాను వాణ్ణి. నా వైపు చూడకండి, మీకు దండం పెడతాను."

చెప్పాడు. ఆదివారం చెప్పాల్సింది, అప్పుడు చెప్పాడు. ఇప్పుడైనా ఎవడో ఒకడు తల తిప్పి సముద్రం వైపు చూస్తాడని ఎదురుచూశాను.

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకతను ముందుకి వచ్చి, మామయ్య భుజం మీద చేయి వేసి, పసివాణ్ణి నడిపించినట్టు మెల్లగా గుమ్మం దాకా నడిపించాడు. "బెంగ పెట్టుకున్నాడు పాపం" అన్నాడు ఇంకొకతను. తర్వాత వాళ్లలో పెద్దవాడు మిగతావాళ్ల వైపు తిరిగాడు.

"కుర్చీ వేయలేదురా. ఇవాళ వద్దంటున్నాడు. లాగండి పైకి."

అందరూ వంగి పడవలు పైకి లాగేశారు. అన్నదమ్ములు బల్లలు లోపల పెట్టుకున్నారు. ఆ రోజు సాయంత్రం దాకా సముద్రం మెదలకుండా పడి ఉంది. మర్నాడు తెల్లవారగానే వాళ్లు మళ్లీ పడవలు నీళ్ల దాకా లాగి, ఆ గుమ్మం వైపు తిరిగి నిలబడ్డారు.